ఐర్లండ్ కోటలు, శిథిలాలు: గోడను చదువుతూ తిరగడానికి ఒక మార్గదర్శి

టిప్పరరీ కౌంటీలో ఒక పొలం మధ్య పైకప్పు లేని రాతి బురుజు ఉంది. టికెట్ లేదు, బోర్డు లేదు. లోపల గొర్రెలు పడుకుని ఉన్నాయి. మా నాన్న తల పైకెత్తి చాలాసేపు చూసి, "అంత ఎత్తున, గోడ మధ్యలో పొయ్యి ఎందుకు కట్టారురా?" అని అడిగారు.

నేను అప్పటికి డబ్లిన్‌లో నాలుగేళ్లుగా ఉంటున్నాను. డజను కోటలు చూసి ఉంటాను. అలాంటి పొయ్యిలు నా ఫొటోల్లో ఎన్నో ఉన్నాయి, ఎందుకున్నాయో మాత్రం ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ రోజు అక్కడే నిలబడి చూస్తే జవాబు దొరికింది. పొయ్యి గాల్లో లేదు, దాని ముందుండే నేల పోయింది. పొయ్యికి కొంచెం కింద, గోడలో వరసగా చదరపు బొక్కలు ఉన్నాయి. దూలాలు దూర్చిన చోట్లు అవి. దూలాలు కుళ్లిపోయాయి, వాటి మీది చెక్క అంతస్తు పోయింది, ఆ అంతస్తులో చలి కాచుకున్న మనుషులు పోయారు. రాతి పొయ్యి ఒక్కటే మిగిలింది.

ఆ తర్వాత నుంచి మేము కోటలు చూసే పద్ధతే మారిపోయింది. రోజుకు ఐదు కోటలు లెక్కపెట్టుకోవడం మానేశాం. రెండే చూస్తాం, గోడను చదువుతాం. ఇండియా నుంచి వారం పది రోజులకు వచ్చేవాళ్లకూ, అమ్మానాన్నలు వస్తున్నారని సెలవు పెట్టుకుని ఎక్కడికి తీసుకెళ్లాలా అని చూస్తున్న ఇక్కడి మనవాళ్లకూ పనికొస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: ఏది కోటో, ఏది కాదో తెలుసుకోండి

ఇక్కడ "క్యాజిల్" అన్న పేరున్నదల్లా పాత కోట కాదు. బయల్దేరే ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా సగం నిరాశ తప్పుతుంది. పడమటి ఐర్లండ్‌లోని కానమారాలో సరస్సు ఒడ్డున అందంగా కనిపించే కైల్‌మోర్, 1860ల చివర్లో ఒక సంపన్న కుటుంబం కోట ఆకారంలో కట్టించుకున్న ఇల్లు. తర్వాత సన్యాసినుల మఠమైంది. చూడదగ్గదే. కానీ యుద్ధాల కోట చూద్దామని వెళ్తే మాత్రం అక్కడ దొరకదు.

కాలక్రమంలో చూస్తే అన్నిటికంటే పాతవి రింగ్‌ఫోర్ట్‌లు. గుండ్రటి మట్టి గట్టు లేదా రాతి గోడ మధ్య ఉన్న రైతు కుటుంబాల ఆవరణలు ఇవి. దేశమంతటా నలభై వేలకు పైగా గుర్తించారు. తర్వాత 1169లో బ్రిటన్ వైపు నుంచి నార్మన్లు దిగారు. మొదట మట్టి దిబ్బ పోసి దాని మీద చెక్క బురుజు నిలిపారు, పట్టు చిక్కాక రాతి కోటలు కట్టారు. ట్రిమ్, లిమరిక్‌లోని కింగ్ జాన్స్ క్యాజిల్, ఉత్తరాన కారిక్‌ఫర్గస్ ఈ తరానివి. ఆ తర్వాత వచ్చినవి టవర్ హౌస్‌లు. నాలుగైదు అంతస్తుల ఒంటి రాతి బురుజు, చుట్టూ ప్రహరీ. అదే ఇల్లు, అదే కోట. మన గడీలలాగే స్థానిక దొరలు ఉండే చోట్లన్నమాట, కాకపోతే నిలువుగా పెరిగాయి. 1429లో ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీ ప్రభుత్వం డబ్లిన్ చుట్టుపక్కల కౌంటీల్లో ఇలాంటి బురుజు కట్టుకునేవారికి పది పౌండ్ల సాయం ప్రకటించింది. కనీసం 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తు ఉండాలని కొలతలు కూడా పెట్టింది. మీరు కారులో వెళ్తుంటే పొలాల మధ్య కనిపించే బురుజుల్లో ఎక్కువ భాగం టవర్ హౌస్‌లే.

వీటికి తోడు మఠాల శిథిలాలు. కోటల కోసం వచ్చినవాళ్లు వీటిని వదిలేస్తుంటారు. నా మటుకు నాకు ఐర్లండ్‌లో అన్నిటికంటే మనసుకు పట్టినవి ఇవే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1530ల చివర్లో మఠాలను రద్దు చేశాక పైకప్పుల సీసం ఊడిపోయింది, రాళ్లు ఊళ్లోకి పోయాయి, తోరణాలు మిగిలాయి.

రెండో అడుగు: నెల ఎంచుకోండి, గడియారం చూసుకోండి

జూన్ చివర్లో డబ్లిన్‌లో ఉదయం ఐదుకే వెలుతురు వస్తుంది, రాత్రి పదింటిదాకా ఉంటుంది. డిసెంబరులో ఎనిమిదిన్నర దాటాకగానీ తెల్లారదు, సాయంత్రం నాలుగుంపావుకే చీకటి. మేలో, జూన్ మొదటి సగంలో, సెప్టెంబరులో రావడం మంచిది. జులై, ఆగస్టుల్లో జనం ఎక్కువ, గదుల ధరలూ ఎక్కువ. ఆగస్టులో వచ్చేవాళ్లకు ఒక లాభం ఉంది. నెల మధ్యలో జరిగే నేషనల్ హెరిటేజ్ వీక్‌లో ఎన్నో చోట్ల ఉచిత నడకలు, ఉపన్యాసాలు ఉంటాయి.

చలికాలంలో చాలా కోటలు పూర్తిగా మూసేస్తారు, కొన్ని శనాదివారాలే తెరుస్తారు. ఇంకొక సంగతి మేం దెబ్బతిని నేర్చుకున్నాం. ముగింపు వేళ వేరు, ఆఖరి ప్రవేశం వేరు. బోర్డు మీద ఐదున్నర అని ఉందని నాలుగు యాభైకి చేరుకున్నాం. ఆఖరి ప్రవేశం అప్పటికే అయిపోయింది. అక్క, బావ, పిల్లలు అందరం గేటు బయట నుంచే చూసి వెనక్కి తిరిగాం. ముగింపుకు ముప్పావు గంట, గంట ముందే లోపలికి పంపడం ఆపేస్తారని లెక్క వేసుకోండి. టికెట్ ఉన్న చోటు పొద్దున, టికెట్ లేని శిథిలం సాయంత్రం అని పెట్టుకుంటే ఈ ఇబ్బంది రాదు.

మూడో అడుగు: వీసా, సరిహద్దు

ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో ఉంది, ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో లేదు. షెంగెన్ వీసాతో రావడం కుదరదు. భారతీయ పాస్‌పోర్టుకు ఐర్లండ్ వీసా విడిగా కావాలి. బ్రిటన్, ఐర్లండ్ రెండూ ఒకే వీసాతో చూడటానికి భారతీయులకు బ్రిటిష్ ఐరిష్ వీసా పథకం ఉంది. వీసా మీద ఆ గుర్తు ఉండాలి, వీసా ఇచ్చిన దేశంలోనే ముందు దిగాలి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేముందు ఐర్లండ్ ఇమిగ్రేషన్ అధికారిక సైటులో చదవండి, తెలిసినవాళ్ల మాట మీద ఆధారపడొద్దు.

ఇది కోటల ప్రయాణానికి ఎందుకు ముఖ్యమంటే, కొండ అంచున సముద్రం మీదికి వేలాడుతున్నట్టుండే డన్‌లూస్, 1177లో నార్మన్ ప్రభువు జాన్ డి కూర్సీ మొదలుపెట్టిన కారిక్‌ఫర్గస్ ఉత్తర ఐర్లండ్‌లో ఉన్నాయి. అది యునైటెడ్ కింగ్‌డమ్‌లో, అంటే బ్రిటన్ పాలనలో ఉంది. రోడ్డు మీద చెక్‌పోస్టు ఉండదు, సరిహద్దు దాటినట్టు కూడా తెలియదు. వేగం బోర్డులు కిలోమీటర్ల నుంచి మైళ్లలోకి మారితే దాటారన్నమాట. చెక్‌పోస్టు లేనంత మాత్రాన వీసా అక్కర్లేదని కాదు. అక్కడ పౌండ్లు నడుస్తాయి.

నాలుగో అడుగు: కారా, బస్సా

పొలాల్లోని శిథిలాలు చూడాలంటే కారు కావాల్సిందే. మనలాగే ఎడమవైపు నడపడం కాబట్టి భయం తక్కువ. బయల్దేరే ముందు ఇంటి దగ్గర ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, అసలు లైసెన్సు కూడా వెంట ఉంచుకోండి. గేర్లు లేని ఆటోమేటిక్ కారు కావాలంటే ముందే బుక్ చేయాలి, అవి తక్కువ, ఖరీదు ఎక్కువ. రౌండబౌట్ దగ్గర కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలి. డబ్లిన్ చుట్టూ ఉన్న ఎం50 రోడ్డు మీద టోల్ గేటు కనిపించదు, కెమెరా ఫొటో తీస్తుంది. మరుసటి రోజు రాత్రి ఎనిమిదిలోపు కట్టాలి. అద్దె కారైతే ఆ డబ్బు ఎవరు కడతారో తాళం తీసుకునేటప్పుడే అడగండి.

పల్లె దారుల గురించి ఒక మాట. రెండు వైపులా ముళ్లపొదల కంచె, ఒక్క కారు పట్టే వెడల్పు, కొన్నిచోట్ల మధ్యలో గడ్డి. వాటిని బొరీన్ అంటారు. ఎదురు కారు వస్తే ఎవరో ఒకరు వెడల్పున్న చోటికి వెనక్కి వెళ్లాలి. దారి ఇచ్చినవాళ్లకు స్టీరింగ్ మీద నుంచి ఒక వేలు ఎత్తడం ఇక్కడి మర్యాద. 2025 ఫిబ్రవరిలో పల్లె స్థానిక రోడ్ల మీద సాధారణ వేగపరిమితిని 80 నుంచి 60 కిలోమీటర్లకు తగ్గించారు. మ్యాప్ గంట అంటే గంటన్నర అనుకోండి.

కారు వద్దనుకుంటే డబ్లిన్ నుంచి ట్రిమ్‌కు బస్సుంది, కిల్కెన్నీకి, కిలార్నీకి రైలుంది. కిల్కెన్నీలో స్టేషన్ నుంచి కోటకు నడిచి వెళ్లొచ్చు.

ఐదో అడుగు: టికెట్లు

ప్రభుత్వ కోటలు, మఠాలు ఎక్కువ భాగం ఆఫీస్ ఆఫ్ పబ్లిక్ వర్క్స్ చేతిలో ఉన్నాయి. వాళ్లను ఓపీడబ్ల్యూ అంటారు. వాళ్ల హెరిటేజ్ కార్డు మొదట వెళ్లిన చోటే కౌంటర్లో కొనొచ్చు, ఏడాది చెల్లుతుంది. ట్రిమ్, కిల్కెన్నీ, క్యాషెల్, కేర్, రాస్, క్లోన్‌మక్‌నాయిజ్ అన్నీ దీని కిందికి వస్తాయి (ఈ చోట్ల గురించి ఎనిమిదో అడుగులో చెబుతాను). ఐదారు చోట్లు చూసేవాళ్లు కార్డు తీసుకోవాలి, రెండు మూడే అయితే విడి టికెట్లు చాలు. బ్లార్నీ, బన్‌రాటీల్లో కార్డు చెల్లదు, టికెట్ వేరే.

న్యూగ్రేంజ్‌కు మాత్రం కొన్ని వారాల ముందే బుక్ చేయండి. అది కోట కాదు. క్రీస్తుపూర్వం 3200 ప్రాంతంలో కట్టిన సమాధి, గీజా పిరమిడ్ల కంటే పాతది. 19 మీటర్ల రాతి ఇరుకుదారి లోపలికి పోతుంది. డిసెంబరు ఆయనాంతంలో, అంటే పగలు అతి తక్కువగా ఉండే రోజుల్లో, ఉదయపు ఎండ దాని చివరిదాకా వెళ్లి పడుతుంది. ఆ రోజుల్లో లోపలికి వెళ్లేవాళ్లను లాటరీలో ఎంపిక చేస్తారు. మిగతా రోజుల్లో దీపాలార్పి, కరెంటు వెలుగుతో అది ఎలా ఉంటుందో చూపిస్తారు. ఇరుకు చోట్లు పడనివాళ్లు బయటే ఉండటం మేలు.

ఆరో అడుగు: ఒళ్లు, కాళ్లు, కడుపు

గుండ్రంగా తిరిగే రాతి మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు ఉంటాయి. చాలాచోట్ల పట్టుకోవడానికి తాడు మాత్రమే ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఎక్కడం కంటే దిగడం కష్టం. మా అమ్మకు ఆ బాధ తెలిశాక, పైకి ఎక్కకుండానే నిండుగా చూడగలిగే చోట్లు ఎంచుకున్నాం: క్లోన్‌మక్‌నాయిజ్, మక్రాస్, జెర్‌పాయింట్, ట్రిమ్ కోట బయటి ఆవరణ. స్కెల్లిగ్ మైకల్ దీవి మీద ఆరు వందలకు పైగా ఏటవాలు మెట్లున్నాయి, రెయిలింగ్ లేదు. పడవలు మే నుంచి సెప్టెంబరు వరకే, సముద్రం బాగుంటేనే. పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ అది వద్దు. అరన్ దీవుల్లోని డూన్ ఏంగస కోట కొండ అంచున ఆగిపోతుంది. అక్కడ గోడ లేదు, కింద సముద్రం. గాలి వీస్తున్నప్పుడు అంచుకు దూరంగా ఉండండి, పిల్లల చెయ్యి వదలకండి.

తడిసిన సున్నపురాయి జారుతుంది. పట్టున్న బూట్లు వేసుకోండి. గొడుగు ఇక్కడి గాలికి నిలవదు, టోపీ ఉన్న వాన కోటు తెచ్చుకోండి. శాకాహారులు కోట పక్క కేఫేల్లో సూప్, బ్రౌన్ బ్రెడ్ తినొచ్చు, కానీ సూప్ దేని నీళ్లతో చేశారో అడగాలి. కూరగాయల సూప్ కూడా కోడి ఎముకల నీళ్లతో చేయడం మామూలే. మేం పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో పెట్టుకుంటాం. గడ్డి మీద కూర్చుని తినడానికి అంతకంటే మంచిది లేదు.

ఏడో అడుగు: గోడను చదవడం

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ఫోను జేబులో పెట్టి, బురుజు చుట్టూ ఒకసారి బయట నుంచి నడవండి. తర్వాతే లోపలికి వెళ్లండి.

బయట ముందుగా అడుగు చూడండి. గోడ నేలకు దగ్గరయ్యే కొద్దీ ఏటవాలుగా లావెక్కుతుంది. పునాది కింద తవ్వడం కష్టమవుతుంది. పైనుంచి విసిరిన రాయి ఆ వాలుకు తగిలి శత్రువు మీదికి ఎగిరిపడుతుంది. చూపు పైకి పోనిస్తే చిన్న చదరపు బొక్కలు సమానమైన దూరంలో వరసలుగా కనిపిస్తాయి. అవి తుపాకీ బొక్కలు అనుకుంటారు చాలామంది. కట్టేటప్పుడు పరంజా కర్రలు దూర్చిన బొక్కలవి. ట్రిమ్‌లో అలాంటి బొక్కల్లో ఇరుక్కుని మిగిలిపోయిన ఓక్ కర్ర ముక్కల వలయాలు లెక్కపెట్టి, ఆ కోట కట్టుబడి 1170ల నుంచి 1200ల మొదటి వరకు విడతలుగా సాగిందని తేల్చారు. మేస్త్రీలు వదిలేసిన కర్రముక్క ఎనిమిది వందల ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పింది.

కిటికీలు కింద నుంచి పైకి చూడండి. కింది అంతస్తుల్లో బాణం పట్టేంత సందులే ఉంటాయి. పైకి పోయేకొద్దీ కిటికీలు పెద్దవవుతాయి, పక్కన కూర్చోవడానికి రాతి అరుగులు కూడా ఉంటాయి. కింద సరుకులు, పైన కుటుంబం. దొర కుటుంబం ఉన్న అంతస్తు ఏదో కిటికీలే చెబుతాయి. గోడ అడుగున బయటికి తెరుచుకున్న తూము కనిపిస్తే, పైన గోడ మందంలో మరుగుదొడ్డి ఉన్నట్టు.

గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టగానే తల ఎత్తండి. చాలా టవర్ హౌస్‌లలో సరిగ్గా మీ తలమీదే ఒక రంధ్రం ఉంటుంది. తలుపు బద్దలుకొట్టి వచ్చినవాళ్ల మీద రాళ్లు వేయడానికి అది. మర్డర్ హోల్ అంటారు. మెట్లు ఎక్కేటప్పుడు గైడ్ మీకు తప్పకుండా ఒక మాట చెబుతారు: మెట్లు కుడివైపుగా తిరుగుతాయి, కిందనుంచి వచ్చే శత్రువు కత్తి చెయ్యి గోడకు తగలాలని అలా కట్టారని. వినడానికి బాగుంటుంది, కానీ చరిత్రకారుల్లో ఇప్పుడు చాలామంది దాన్ని నమ్మడం లేదు. ఎడమకు తిరిగే మెట్లూ ఉన్నాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు రాతి కమాను కప్పు అడుగున ఉంటుంది. టార్చి పక్కనుంచి వేసి చూడండి. సున్నంలో అల్లిక అచ్చు కనిపిస్తుంది. కమాను కట్టేటప్పుడు సన్నటి కొమ్మలతో అల్లిన తడికను కింద ఆనించి, దాని మీద సున్నం, రాళ్లు పరిచేవారు. ఆరాక తడిక తీసేస్తే దాని ముద్ర మిగిలిపోయేది. కొన్నిచోట్ల కొమ్మ ముక్కలు కూడా అతుక్కుని ఉంటాయి. మా అమ్మ ఆ అచ్చు మీదికి చెయ్యి చాపి, "ఇది మన పశువులపాక తడికే కదా" అంది. ఆ కోట కట్టించిన దొర పేరు అక్కడి బోర్డు మీద ఉంది. తడిక అల్లినవాళ్ల పేరు ఎక్కడా లేదు, వాళ్ల చేతిపని మాత్రం కళ్లముందే ఉంది.

ఇంకా మూడు గుర్తులు. గోడ మీద తిరగేసిన వి ఆకారంలో గీత ఉంటే అక్కడ ఒకప్పుడు ఇంకో కప్పు ఆనుకుని ఉండేది. గోడలో నిలువుగా నేరుగా అతుకు కనిపిస్తే రెండు కాలాల్లో కట్టిన గోడలు అక్కడ కలిశాయి. సున్నపురాయి ఎర్రబారి ఉంటే మంట తగిలి ఉండొచ్చు.

చివరిగా ఎందుకు పాడైందని అడగండి. ఎవర్నడిగినా ఇంగ్లండ్ సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ అంటారు. అతను ఐర్లండ్‌లో ఉన్నది 1649 ఆగస్టు నుంచి 1650 మే వరకు, తొమ్మిది నెలలే. అతని సైన్యం చేసిన నష్టం చాలా ఉంది. కానీ కోటలు తుపాకులకు పడ్డట్టే నిర్లక్ష్యానికీ పడ్డాయి, ఇళ్లకోసం రాళ్లు ఊడబీకిన చేతులకూ పడ్డాయి.

ఎనిమిదో అడుగు: ఏడు రోజుల దారి

మొదటి రోజు ట్రిమ్. డబ్లిన్ నుంచి 50 కిలోమీటర్లు. మీథ్ ప్రాంతాన్ని పొందిన నార్మన్ ప్రభువు హ్యూ డి లేసీ మొదలుపెట్టిన ఈ కోట ఐర్లండ్‌లో నార్మన్లు కట్టినవాటిలో అతి పెద్దది. నడిమి బురుజును చదరపు గది నాలుగు వైపులా చిన్న బురుజులు అతికించినట్టు, మొత్తం ఇరవై ముఖాలతో కట్టారు. ఆ చిన్నవాటిలో ఇప్పుడు మూడే మిగిలాయి. దాని లోపలికి గైడ్‌తోనే పంపుతారు, వెళ్లగానే పేరు రాయించుకోండి. తర్వాత బోయిన్ నది దాటి, ఒడ్డు వెంబడి న్యూటౌన్ శిథిలాల దాకా నడవండి.

రెండో రోజు కిల్కెన్నీ. బట్లర్ కుటుంబం 1391 నుంచి 1935 వరకు ఈ కోటలో ఉంది. 1967లో దీన్ని 50 పౌండ్లకు ఊరికి అప్పగించారు. లోపల గదులు పందొమ్మిదో శతాబ్దపు అలంకరణతో ఉంటాయి, గోడ చదవడానికి ఇక్కడ పెద్దగా దొరకదు. గంటన్నర చాలు. మధ్యాహ్నం జెర్‌పాయింట్ మఠానికి వెళ్లండి. నడవా స్తంభాల మధ్య చెక్కిన మనుషుల ముఖాలు, బట్టల మడతలు చూస్తూ గంటలు గడపొచ్చు.

మూడో రోజును క్యాషెల్‌కు ఇవ్వండి. మైదానం మధ్య లేచిన సున్నపురాయి గుట్ట. ఐర్లండ్ దక్షిణ ప్రాంతమైన మన్‌స్టర్ రాజుల స్థానం ఇది. 1101లో రాజు ముర్‌హెర్తాక్ ఓబ్రయన్ దీన్ని చర్చికి ఇచ్చేశాడు. 28 మీటర్ల గుండ్రటి బురుజు, 1127లో మొదలై 1134లో ప్రతిష్ఠ జరిగిన కార్మాక్ ప్రార్థనామందిరం, పదమూడో శతాబ్దపు కథీడ్రల్ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. కార్మాక్ మందిరంలో వెలిసిపోయిన రంగుల చిత్రాలున్నాయి. ఇసుకరాయి తేమ పీల్చి పాడవుతోందని జనాన్ని కొద్దికొద్దిగానే పంపుతారు, దానికి టికెట్ విడిగా అడగాలి. 1647లో ఇక్కడ ఘోరమైన ఊచకోత జరిగింది. చేయించింది క్రామ్‌వెల్ కాదు. అతను రావడానికి రెండేళ్ల ముందు, ఇంచిక్విన్ ప్రభువు మురో ఓబ్రయన్ చేయించాడు. గుట్టను చర్చికి దానమిచ్చిన రాజుదీ అదే ఓబ్రయన్ వంశం. ఊచకోత చేయించిన ఈ ప్రభువును ఐరిష్ జనం మంటల మురో అని గుర్తుపెట్టుకున్నారు.

గుట్ట దిగి పొలాల వెంట పదిహేను నిమిషాలు నడిస్తే హోర్ అబ్బే అనే మఠం శిథిలం. టికెట్ లేదు. అక్కడి నుంచి సాయంత్రపు ఎండలో గుట్టను చూడండి. క్యాషెల్‌ను నిండుగా చూడాలంటే దాని లోపల కాదు, ఇక్కడ నిలబడాలి.

కేర్ అక్కడికి దగ్గరే, 18 కిలోమీటర్లు. షూర్ నది మధ్య రాతి దీవి మీద ఉంది. 1599లో ఇంగ్లండ్ సేనాని ఎసెక్స్ ప్రభువు ఫిరంగులతో దీన్ని పట్టుకున్నాడు, ఒక గుండు ఇప్పటికీ గోడలో ఉంది, వెతికి చూడండి. 1650లో క్రామ్‌వెల్ వస్తే మాత్రం పోరాడకుండా తలుపు తీసేశారు. ఇది ఇంత చెక్కుచెదరకుండా ఉండటానికి అదొక కారణం.

నాలుగో రోజు కార్క్ దగ్గర బ్లార్నీ. 1446లో మెకార్తీ వంశపువాళ్లు కట్టింది. పైన ఉన్న రాయిని వెల్లకిలా వంగి ముద్దుపెట్టుకుంటే మాటకారితనం వస్తుందని నమ్మకం. తెరిచే వేళకే వెళ్లకపోతే ఇరుకు మెట్ల మీదే క్యూలో నిలబడాల్సొస్తుంది. రాయికంటే చుట్టూ ఉన్న తోటలు నాకు నచ్చాయి. సాయంత్రానికి కిలార్నీ.

ఐదో రోజు కిలార్నీ సరస్సు ఒడ్డున రాస్ క్యాజిల్. 1652లో మన్‌స్టర్‌లో చివరగా లొంగింది ఇదే. ఓక్ అంతస్తులు పాత పద్ధతిలో మళ్లీ వేశారు కాబట్టి, పొలాల్లో చూసిన డొల్ల బురుజులు లోపల ఎలా ఉండేవో ఇక్కడ తెలుస్తుంది. మక్రాస్ మఠం దగ్గరే, నడవా మధ్య పెద్ద యూ చెట్టుంది.

ఆరో రోజు బన్‌రాటీ కోట, తర్వాత క్విన్ మఠం. బన్‌రాటీని 1950ల్లో బాగుచేసి పాత సామాన్లతో నింపారు. పిల్లలకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. క్విన్‌లో మీ పరీక్ష ఉంది: మఠం గోడల మూలల్లో లావైన గుండ్రటి మొదళ్లు ఎందుకున్నాయో ఎవర్నీ అడక్కుండా చెప్పండి. పదమూడో శతాబ్దపు కోట కూలితే, దాని గోడల మీదే పదిహేనో శతాబ్దంలో మఠం కట్టారు. ఆ మొదళ్లు కోట బురుజులవి.

ఏడో రోజు డబ్లిన్‌కు తిరిగొస్తూ షానన్ నది ఒడ్డున క్లోన్‌మక్‌నాయిజ్. ఆరో శతాబ్దంలో సెయింట్ కియరాన్ స్థాపించిన మఠం. ఆరుబయట ఉన్న పెద్ద శిలువలు నకళ్లు. అసలువి వాన పడకుండా లోపలి గదిలో పెట్టారు, ముందు వాటి దగ్గరికి వెళ్లండి.

తొమ్మిదో అడుగు: పేరులేని శిథిలాలు

ఐర్లండ్ నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ నడిపే హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ వ్యూయర్ అనే ఆన్‌లైన్ మ్యాపులో నమోదైన ప్రతి శిథిలానికీ ఒక చుక్క ఉంటుంది. మీరు దిగిన ఊరి చుట్టూ చూడండి, ఆశ్చర్యపోతారు. ఊళ్ల పేర్లు కూడా దారి చూపిస్తాయి. కిల్ అని మొదలైతే తరచుగా పాత చర్చి, డూన్, రాథ్, లిస్ అంటే కోట గట్లు, క్యాషెల్, కేర్ అంటే రాతి కోట.

ఇవి ఎక్కువగా రైతుల పొలాల్లో ఉంటాయి. ఇక్కడ ఎవరి పొలంలోనైనా నడవొచ్చన్న హక్కు లేదు. దగ్గర్లో ఇంటి తలుపు తట్టి అడగండి. మమ్మల్ని ఇంతవరకూ ఎవరూ కాదనలేదు, ఒకాయన అయితే బూట్లు తొడుక్కుని వెంట వచ్చి తాతల కాలం కబుర్లు చెప్పారు. దూడలున్న ఆవుల మంద ఉంటే లోపలికి వెళ్లొద్దు. పచ్చతీగలు లాగొద్దు, కొన్నిచోట్ల గోడను పట్టి నిలిపింది అవే. రాయి ముక్క కూడా తెచ్చుకోవద్దు. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. డ్రోనుకూ ముందుగా అనుమతి కావాలి. మఠాల్లోని సమాధులు చాలాచోట్ల ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నిన్నమొన్న పెట్టిన పూలు కనిపిస్తాయి, వాటి మధ్య పక్కగా నడవండి.

టిప్పరరీ బురుజు దగ్గరికి మేం మళ్లీ వెళ్లాం. గేటు మీద చేత్తో రాసిన అట్టముక్క వేలాడుతోంది, దయచేసి గేటు వేయండి అని. నాన్న ముందుగా దిగి గేటు తీశారు, కారు లోపలికి రాగానే గొర్రెలు బయటికి పోకుండా గొళ్లెం పెట్టి, పొయ్యి వైపు నడిచారు.